సెక్షన్‌లో ఉన్న బండి

బిలాస్‌పూర్‌లో లైన్ ఓపెనింగ్ విభాగంలో కొత్తగా చేరినవాళ్ళు ఆదివారాలు మా ఇంటికి వస్తూ ఉంటారు. టీ తాగుతారు, రూల్స్ పుస్తకంలో ఏదో ఒక పేజీ తీసి దీనికి అర్థం ఏమిటని అడుగుతారు. ఆ పుస్తకం రాసినవాళ్ళలో నేనూ ఒకణ్ణి కనుక అందులో ఏ సంగతులు పట్టలేదో నాకు తెలుసు. వాటిలో కొన్ని ఇక్కడ రాస్తున్నాను. నాకు ఎప్పుడు ఏ ప్రమోషన్ వచ్చిందో ఎవరికీ అక్కర్లేదు, వదిలేశాను. ఉద్యోగంలో చేరిన రోజు నుంచి డైరీ రాసే అలవాటు ఉండటం వల్ల మనుషుల మాటలు చాలావరకు అప్పుడు విన్నట్టే చెప్పగలుగుతున్నాను.

అసలు పని

యుద్ధం నాటికి మీరంతా చంకలో పిల్లలు. అందుకని ముందు నాలుగు ముక్కలు చెప్పాలి. అణుబాంబులు పడ్డ వారంలో దేశంలో పెద్ద పట్టణాలు పోయాయి. బిలాస్‌పూర్ మీద ఏదీ పడలేదు. మాకు మిగిలినవి వరి పొలాలు, కొర్బా బొగ్గు, ఇంజన్ షెడ్‌లో తుక్కు కింద అమ్మేయడానికి పక్కన పెట్టిన ఆవిరి ఇంజన్లు. డీజిల్ అయిపోయాక ఆ తుక్కే మాకు తిండి పెట్టింది.

ఊరి చుట్టూ కొంత మేర నేల బాగానే ఉంది. అది దాటితే గాలి మోసుకొచ్చిన బూడిద పడిన పట్టీ. మొదటి ఏళ్ళలో అందులోకి వెళ్ళినవాళ్ళు జబ్బుపడి వచ్చారు, కొందరు రాలేదు. పటంలో ఆ పట్టీ అంచున ఎర్రగీత గీశారు. ఊళ్ళో అందరూ దాన్ని లకీర్ అన్నారు. లకీర్ అవతల ఎవరున్నారో, అసలు ఉన్నారో లేదో చాలా ఏళ్ళు తెలీదు.

ఆ గీతను ఒక్కొక్క స్టేషను చొప్పున అవతలికి జరపడం మా పని. ఊళ్ళో మా బృందాన్ని ఖోల్ పార్టీ, అంటే లైను తెరిచేవాళ్ళు, అనేవారు. పట్టాల వెంట నడుస్తాం. స్లీపర్లు, కల్వర్టులు, వంతెనలు చూస్తాం. నా భుజానికి ఒక పెట్టె వేలాడేది. నేలలో విషం ఉంటే అది చిటపటలాడుతుంది, లేకపోతే ఊరుకుంటుంది. పెట్టె ఊరుకున్న చోట బావి తవ్విస్తాం, ఇంజను నీళ్ళకి ట్యాంకు కట్టిస్తాం, ఒక స్టేషన్ మాస్టరును కూర్చోబెడతాం. ఆర్నెల్లు తిరిగేసరికి ఆ స్టేషను చుట్టూ ఊరు లేస్తుంది. ఇప్పుడు మీరు ఊరి చివర మోప్కా పక్కన కట్టిన ఇళ్ళు చూస్తున్నారు, వాటికంటే వేగంగా లేచేవి ఆ ఊళ్ళు.

పని కష్టం కాదు. తొందరపడకుండా ఉండటం కష్టం. మా పార్టీలో సగంమంది మా వాళ్ళే. తాతల నాడు శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి రైల్వే పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయిన కుటుంబాలు. తూర్పు లైను తెరిస్తే అది సముద్రం దాకా, అంటే మా వాళ్ళ ఊళ్ళ దాకా వెళుతుంది. ప్రతివాడి కాలూ ఆ వైపే లాగేది. అలాంటివాళ్ళను నెమ్మదిగా నడిపించడమే నా ఉద్యోగంలో ఎక్కువ భాగం.

గవరయ్య గోంగూర

గవరయ్య మా గ్యాంగు మేస్త్రీ. పట్టా మీద చెవి ఆనించి కల్వర్టు బాగుందో లేదో చెప్పేవాడు. సగం సార్లు తప్పు చెప్పేవాడు, అయినా చెవి ఆనించడం మానలేదు.

మొదట్లో మాకిచ్చిన రూలు ఇదీ: లకీర్ దాటాక పొలంలో పండినదేదీ తినకూడదు, చెరువులో చేప తినకూడదు, పెట్టె చూడకుండా నీళ్ళు తాగకూడదు. కొత్తగా తెరిచిన ఒక స్టేషనుకి నేను తనిఖీకి వెళ్ళేసరికి గ్యాంగు భోజనాలకి కూర్చుంది. మధ్యలో గిన్నె నిండా ఎర్రగా పచ్చడి.

"రండి బాబూ, కూకోండి. రెండు ముద్దలు తినండి. నోటికి పులుపు తగిలి ఎన్నాళ్ళయిందో" అన్నాడు గవరయ్య.

"గోంగూర ఎక్కడిది?"

"ఇక్కడిదే బాబూ. కట్ట మీద మడి కట్టినట్టు లేచీసింది."

పెట్టెను గిన్నె దగ్గరగా పెట్టాను. పెనం మీద ఆవాలు వేసినట్టు చిటపటలాడింది. తినేవాళ్ళ చేతులు ఆగిపోయాయి.

"పొలంలోది తినొద్దని చెప్పాను కదా గవరయ్యా."

"పొలంలోది కాదు కదా బాబూ. ఇది రైల్వే జాగా. మన జాగాలో మొలిసింది మనల్నేటి సేస్తాది?"

అతను వేళాకోళం ఆడటం లేదు. మూడు తరాలుగా రైల్వే క్వార్టర్లో పుట్టి, రైల్వే నీళ్ళు తాగి పెరిగినవాడు. రైల్వే జాగా తనకి కీడు చేస్తుందన్న ఊహ అతనికి రాలేదు.

అందరినీ కొంతకాలం వేరుగా ఉంచి చూశారు. ఎవరి ప్రాణానికీ ముప్పు రాలేదు. గవరయ్యకి మాత్రం జుట్టంతా ఊడిపోయింది, తరవాత మునుపటికంటే నల్లగా వచ్చింది. "ఆర్నెల్లకోసారి ఒక ముద్ద తింటే మంగలి ఖర్చూ లేదు, రంగు ఖర్చూ లేదు" అని షెడ్‌లో కుర్రాళ్ళు ఏడిపించేవారు.

ఆ రూలు రాసినవాళ్ళకి గోంగూర అంటే తెలీదు, రైల్వే కట్ట మీద ఆకు కోసుకునే మనుషులుంటారని తెలీదు. నేలలోంచి వచ్చినదేదైనా, అది ఎవరి జాగా అయినా, తినకూడదని తరవాత మార్పించాను. మీరు రూలు రాసే రోజు వస్తే గవరయ్యను గుర్తు పెట్టుకోండి. అతను రూలు మీరలేదు. రూలు ప్రకారమే తిన్నాడు.

ఒక గోలా తక్కువ

సోన్‌ఝరీ మా వైపు ఆఖరి స్టేషను. అక్కడి నుంచి ఒంటి లైను కొండల్లోకి దూరి సముద్రం వైపు దిగుతుంది. ఒంటి లైను మీద బండ్లు ఎదురెదురు రాకుండా పాత కాలం నుంచి ఒక ఏర్పాటు ఉంది. రెండు స్టేషన్ల మధ్య ముక్కను సెక్షన్ అంటాం. ప్రతి స్టేషనులోనూ ఒక ఇనుప యంత్రం, అందులో బత్తాయి కాయంత ఇనుప గోళాలు. వాటిని అందరూ గోలా అంటారు. చేతికి గోలా అందితేనే డ్రైవరు సెక్షన్‌లోకి వెళ్ళాలి. ఒక గోలా బయట ఉన్నంతసేపూ యంత్రం బిగుసుకుని ఉంటుంది, రెండోది ఇవ్వదు. అవతలి స్టేషనులో గాని, బండి వెనక్కి వస్తే ఇవతల గాని ఆ గోలాను తిరిగి వేస్తేనే తాళం వదులుతుంది.

యుద్ధం వచ్చిన పొద్దున సోన్‌ఝరీలో గోలా తీసుకుని ఒక పాసింజరు బండి సెక్షన్‌లోకి వెళ్ళింది. డ్రైవరు సింహాచలం, బిలాస్‌పూర్ మనిషి. బండి అవతల చేరలేదు, వెనక్కి రాలేదు. ఆ యంత్రం పదేళ్ళకు పైగా అలాగే బిగుసుకుని ఉంది.

ఆ పదేళ్ళూ ఆఫీసు దృష్టిలో సింహాచలం డ్యూటీలో ఉన్నాడు. అందుకని అతని భార్య అప్పలనరసమ్మ తోర్వా వైపు క్వార్టర్లోనే ఉంది. రన్నింగ్ రూములో, అంటే డ్యూటీ దిగిన డ్రైవర్లు పడుకునే చోట, వంట చేసేది. షెడ్‌లో ఆమె చేతి పులుసు తినని మనిషి లేడు. వయసులో నాకంటే పెద్దది, నేను అప్పా అనేవాణ్ణి, మా వాళ్ళలో అక్కను అలాగే పిలుస్తాం.

తొంభైల మొదట్లో పెట్టె చిటపటలు తగ్గడం మొదలైంది. అప్పటికి మాకు ఉప్పు కరువు. అన్నం ఉంది, ఉప్పు లేదు. పిల్లల మెడలు వాస్తున్నాయి. ఉప్పు సముద్రం దగ్గర ఉంది, లైను సోన్‌ఝరీ దగ్గర ఆగి ఉంది. మా చీఫ్ దేశ్‌పాండే గారు ఒక ఫిట్టరును, ఒక సమ్మెటను వెంటబెట్టుకుని సోన్‌ఝరీకి వచ్చారు. నేనూ ఉన్నాను. స్టేషన్ మాస్టరు సాహూ గారు ఆ యంత్రానికి ముందు నిలబడ్డారు.

"సాహూజీ, పక్కకి జరగండి. తాళం పగలగొట్టి సెక్షన్ తెరుద్దాం" అన్నారు చీఫ్.

"సెక్షన్ ఖాళీగా లేదు సాబ్. బండి ఉంది."

"ఆ బండి వెళ్ళి పదేళ్ళయింది."

"వెళ్ళిందని నాకూ తెలుసు సాబ్. నేనే పంపించాను. వచ్చిందని మాత్రం ఎవరూ చెప్పలేదు."

"అచ్ఛా, పిల్లలకి ఉప్పు మీరు తెచ్చిపెడతారా?"

సాహూ గారికి నలుగురు పిల్లలు. ఆయన తల దించుకున్నారు గాని కదల్లేదు. "బండి ఉన్న సెక్షన్‌లోకి ఇంకో బండిని నా చేత్తో పంపలేను సాబ్. నన్ను తీసేసి ఇంకొకరిని పెట్టండి, వాళ్ళు పంపుతారు."

నా సర్వీసులో నేను చూసిన మంచి అధికారుల్లో దేశ్‌పాండే గారు ఒకరు. ఈ సంగతిలో ఆయనది పూర్తిగా తప్పని నేను ఇప్పటికీ అనను. ఉప్పు లేని ఇల్లు నాదీను. ఆయన కాసేపు సమ్మెట వైపు చూసి నా వైపు తిరిగారు. "మీ పార్టీతో నడిచి వెళ్ళండి. మోదుగులు పూసేలోగా బండి కనబడితే సరే. కనబడకపోతే బండి పోయిందని, డ్రైవరు చనిపోయాడని రాసి మీరు సంతకం పెట్టాలి. ఆ కాగితం మీద తాళం పగలగొడతాను. అతని భార్యను క్వార్టరు ఖాళీ చేయించి మంగ్లా షెడ్లకి పంపిస్తారు, ఏం చేస్తాం."

మంగ్లా షెడ్లంటే దిక్కులేనివాళ్ళకి వేసిన రేకుల వరసలు.

రన్నింగ్ రూములో అప్పలనరసమ్మకి ఈ మాట నేనే చెప్పాను. ఆమె మూకుడు దించి, చేతులు కడుక్కుని వచ్చి ఎదురుగా కూర్చుంది.

"ఆయన పోనాడని రాయడానికి నీకు చెయ్యెలగొస్తాది తమ్ముడా?"

"కనబడకపోతే రాయాలప్పా. ఉప్పు కావాలి కదా ఊరికి."

"ఉప్పు కావాలి, నేను కాదన్నానా? వండేదాన్ని నేను. ముందు ఎతుకు." మళ్ళీ లేస్తూ, "ఎల్లేటప్పుడు ఒక డ్రైవర్ని తీసుకెళ్ళు" అంది.

"డ్రైవరెందుకప్పా, మేం నడిచి వెళుతున్నాం."

"రిలీఫ్ తమ్ముడా. రిలీఫ్ రాందే ఆ మనిషి ఇంజన్ దిగడు. పెళ్ళయిన కాడినుంచి సూస్తన్నాను కదా."

సింహాచలాన్ని డ్యూటీ దింపడానికి బదులు డ్రైవరు కావాలని ఆఫీసులో చెబితే నవ్వారు. డ్రైవరును ఇవ్వలేదు.

నడక

వానలు వెనకబట్టాక బయల్దేరాం. గవరయ్య, అతని గ్యాంగు, నేను. బూడిద పట్టీలో పెట్టె అక్కడక్కడ చిటపటలాడేది. అక్కడ ఆగకుండా నడిచేవాళ్ళం. నీళ్ళు, బియ్యం మోసుకెళ్ళాం. పట్టాల మధ్య వెదురు లేచి ఉంది. కొండను కోసి లైను వేసిన ఒక కోతలో పక్క కొండ విరిగి పట్టాల మీద పడి ఉంది. దాని మీంచి ఎక్కి దిగాం. అంత మట్టి కింద బండి ఉందేమోనని నేను అనుకున్నాను. గవరయ్యా అదే అనుకున్నట్టున్నాడు, చెవి ఆనించలేదు.

కొండ దిగాక పట్టాలు బాగున్నాయి. మరీ బాగున్నాయి. మధ్యలో గడ్డి లేదు. పైన తుప్పు లేదు, మెరుస్తున్నాయి. చక్రాలు తిరగని పట్టా మెరవదు. ఈ మాట పైకి అనడానికి నాకు ధైర్యం చాలలేదు. అప్పుడు గవరయ్య కట్ట దిగి ఒక చోట చతికిలబడ్డాడు.

"బాబూ, ఇలగ రండి."

కట్ట పక్కన గోంగూర. అతను చేతులు వెనక్కి కట్టుకుని చూస్తున్నాడు. పెట్టె దగ్గర పెట్టాను. ఊరుకుంది.

"పెట్టె సంగతి కాదు బాబూ. వరస సూడండి, తాడు పట్టి నాటినట్టుంది. కొనలు గిల్లీసున్నాయి. తాజాగా గిల్లీసినారు."

మలుపు తిరిగాం. ఎదురుగా పాసింజరు బండి నిలబడి ఉంది, రైలు పెట్టెలు పాత కంకర క్వారీ పక్క లైనులోకి తోసి, ఇంజను అసలు లైను మీద. పెట్టెలకి కిటికీల పక్కన సొర పాదులు, మెట్ల దగ్గర ముగ్గులు. ఒక పెట్టెలోంచి పిల్లలు ఎక్కాలు వల్లించడం వినబడుతోంది. ముందు ఇంజను, పొగగొట్టంలోంచి సన్నగా పొగ. ఇంజను పక్కన పెద్ద పెద్ద గాబులు, వాటిలోకి గొట్టాల్లోంచి ఆవిరి. ఉప్పుడు బియ్యానికి వడ్లు ఉడకబెడుతున్నారు.

ఆ ఊరి పేరు గాడీపారా. ఛత్తీస్‌గఢీలో బండివాడ అని అర్థం. బండిలో ప్రయాణం చేస్తున్నవాళ్ళే ఊరయ్యారు. ఆ పొద్దున ముందున్న వంతెన కూలిపోయి ఉండటం చూసి సింహాచలం బండి ఆపాడు. వెనక్కి మళ్ళిద్దామనుకునేలోపు వెనక కొండ విరిగిపడింది. ఆ లోయలో బూడిద పడలేదు. నడిచి వెళ్ళినవాళ్ళు కొందరు జబ్బుపడి తిరిగొచ్చి చనిపోయారు. దాంతో మిగిలినవాళ్ళు ఉన్నచోటే పొలం కొట్టుకున్నారు.

సింహాచలం ఇంజను మీదే ఉన్నాడు. జుట్టు నెరిసింది. గళ్ళ తువ్వాలు మెడలో ఉంది. మమ్మల్ని చూసి తొందరపడి దిగలేదు. ఒక చేత్తో కమ్మీ పట్టుకుని వంగి చూశాడు.

"సోన్‌ఝరీ నుంచా?"

"అవును. లైన్ ఓపెనింగ్" అన్నాను.

"రిలీఫ్ తెచ్చినారా?"

గవరయ్య అందుకున్నాడు. "తేలేదు మావా. తెమ్మని నీ పెళ్ళాం చెప్పింది. ఆఫీసోళ్ళు నవ్వీసినారు."

సింహాచలం ఆ కమ్మీని అలాగే పట్టుకుని చాలాసేపు తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "క్వార్టర్లోనే ఉందా?" అని అడిగాడు చివరికి.

"క్వార్టర్లోనే ఉంది. నువ్వు డ్యూటీలో ఉన్నావు కదా" అన్నాను.

పట్టాలు ఎందుకు మెరుస్తున్నాయో అప్పుడు తెలిసింది. వారానికొకసారి అతను కట్టెలు మండించి ఇంజన్ను పట్టాలున్నంత మేర ముందుకీ వెనక్కీ నడిపేవాడు, బేరింగులు బిగుసుకుపోకుండా. ఊళ్ళో అందరికీ అది సంత రోజు లాగ.

సాయంత్రం నేనడిగాను, ఇన్నేళ్ళూ ఎవరో వస్తారన్న నమ్మకం ఎలా ఉందని. అతను సీటు కింద నుంచి తోలు సంచి తీశాడు. అందులో గోలా. నూనె రాసి గుడ్డలో చుట్టి ఉంది.

"ఇది నా దగ్గరుంది కదా బాబూ. ఇది యంత్రంలో పడందే మీరు ఇంకో బండి పంపలేరు. పంపాలంటే నన్ను ఎతుక్కుంటా రావాలి. ఆలీసమవుతాదేమో గాని రాకేటి సేస్తారు?"

సమ్మెట సంగతి నేను ఆ రోజు అతనికి చెప్పలేదు. తరవాతా చెప్పలేదు. దేశ్‌పాండే గారికి మాత్రం అతను అన్న మాటలు అన్నట్టే చెప్పాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, "ఆ ఫిట్టరును ఇంకో పనికి పంపేయండి" అన్నారు.

గోలా తిరిగొచ్చింది

కోతలో పడిన మట్టి తియ్యడానికి ఇటు నుంచి మా గ్యాంగు, అటు నుంచి గాడీపారా జనం పని చేశారు. మోదుగులు పూసి, సగం రాలాయి కూడా. దేశ్‌పాండే గారు గడువు మాట ఎత్తలేదు. పట్టాలు కలిశాక, రిలీఫ్ డ్రైవరును పంపుతామని కబురు పెడితే సింహాచలం ఒప్పుకోలేదు. సోన్‌ఝరీ దాకా డ్యూటీ తనదేనన్నాడు.

ఇంజను, వెనక ఒకే ఒక పెట్టె, వెనక్కి నడుస్తూ సోన్‌ఝరీకి వచ్చాయి. మిగిలిన పెట్టెలు ఇళ్ళు, వాటిని ఎవరూ కదపనివ్వలేదు. ప్లాట్‌ఫాం మీద షెడ్ జనం మొత్తం ఉన్నారు. సింహాచలం దిగి, ఎవరివైపూ చూడకుండా నేరుగా స్టేషను గదిలోకి వెళ్ళి సాహూ గారి చేతిలో గోలా పెట్టాడు. సాహూ గారు దాని మీద చెక్కిన పేరు రెండుసార్లు చదివారు. యంత్రంలో అది రెండోసారికి గాని పడలేదు. లోపల ఏదో వదులైన చప్పుడైంది. ఆయన బయటికి వచ్చి, వేలాడదీసిన పట్టా ముక్క మీద గంట కొట్టారు. సెక్షన్ ఖాళీ అయిందని.

అప్పలనరసమ్మ అప్పటిదాకా కొళాయి దగ్గర నిలబడి ఉంది. గంట విన్నాక కదిలింది. అతని ఎదురుగా వచ్చి పై నుంచి కింద దాకా చూసింది.

"డ్యూటీ అయిందేటి?"

"అయింది."

"మరెల్లి కాళ్ళు కడుక్కో. అన్నం తెచ్చాను."

ప్లాట్‌ఫాం మీద నవ్వినవాళ్ళు కొందరు, కళ్ళు తుడుచుకున్నవాళ్ళు కొందరు. నేను ఏ జట్టులో ఉన్నానో డైరీలో రాయలేదు.

సముద్రం దాకా లైను తెరవడానికి ఇంకొంత కాలం పట్టింది. ముందు వంతెన కట్టాలి, ఆ తరవాత లోయలు. ఉప్పు వచ్చింది. అవతలి మా వాళ్ళలో కొందరు ఉన్నారని తెలిసింది, కొందరు లేరని తెలిసింది. ఇవన్నీ మీకు తెలిసినవే.

సింహాచలం బిలాస్‌పూర్‌లో నెల కూడా నిలవలేదు. వడ్ల పని ఆగిపోతుందని గాడీపారా నుంచి కబుర్ల మీద కబుర్లు. చివరికి ఇద్దరూ కలిసే వెళ్ళారు. అప్పలనరసమ్మ మూటలు బండెక్కించి క్వార్టరు తాళం నా చేతికిచ్చింది. "ఇన్నాళ్ళూ ఆయన కోసం దీన్ని పట్టుకునున్నాను. ఆయనకి అక్కడ పదకొండు పెట్టెల ఇల్లుంది" అంది. ఇప్పటికీ ఉప్పు బండి గాడీపారాలో ఆగినప్పుడు డ్రైవర్లకి అన్నం పెట్టేది ఆమే.

ఆ క్వార్టరును మన విభాగంలో కొత్తగా చేరినవాళ్ళకి కేటాయించమని అడిగితే ఒప్పుకున్నారు. మీలో ఎవరో ఒకరు ఇప్పుడు అందులోనే ఉంటారు. పెరట్లో గోడ వారగా గోంగూర ఉంది. గాడీపారా విత్తనం, గవరయ్య నాటాడు. ఆ మట్టి దగ్గర పెట్టె పెట్టి నేను స్వయంగా చూశాను. నిశ్చింతగా కోసుకోండి.